నువ్వు నువ్వేనా, నువ్వెవరు?

హైదరాబాద్ పాతబస్తీలో ఒక మామూలు కుటుంబాన్ని యంత్రాలు ఎన్నిచోట్ల పట్టి చూస్తున్నాయో లెక్కవేయండి. యాకుత్‌పురా రేషన్ షాపులో బియ్యం కావాలంటే ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టాలి. ఆధార్ మీద కొత్త సిమ్ము కావాలన్నా, సందు చివరి కొట్టులో డబ్బు తీసుకోవాలన్నా మళ్లీ అదే వేలు. సౌదీకి బయల్దేరే కొడుకు వీసా కోసం పది వేళ్ల ముద్రలూ ఇస్తాడు, ముఖమూ ఇస్తాడు. శంషాబాద్ విమానాశ్రయంలో డిజియాత్ర గేటు అతని ముఖం చూసి తెరుచుకుంటుంది. అయిదేళ్లు నిండిన మనవరాలికి ఆధార్ సెంటర్లో మొదటిసారి వేళ్లూ కళ్లూ నమోదు చేయిస్తారు. ఇవన్నీ అడిగి తీసుకునేవి. మదీనా చౌరస్తాలోనో శాలిబండ మలుపులోనో స్తంభం మీదున్న కెమెరా మాత్రం ఎవరినీ ఏమీ అడగదు.

బయోమెట్రిక్స్ మీద మన దగ్గర జరిగే చర్చ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తోంది. నిజానికి ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రేషన్ షాపు మిషన్ అడిగేది ఇంతే: ఫలానా కార్డు నాదని అంటున్నావు, నువ్వు నువ్వేనా? ఒక ముద్రను ఒక రికార్డుతో పోల్చి అవుననో కాదనో చెబుతుంది. వీధి కెమెరా వెనక పోలీసు సాఫ్ట్‌వేర్ ఉంటే అది అడిగేది వేరు: నువ్వెవరు? ఒక ముఖాన్ని లక్షల ముఖాలతో పోల్చి, దగ్గరగా ఉన్నవాళ్లను వరసపెట్టి చూపిస్తుంది. మొదటిది తప్పితే హక్కున్నవాడు ఖాళీ సంచితో ఇంటికి పోతాడు. రెండోది తప్పితే ఏ పాపమూ ఎరగనివాడు ఠాణాలో సంజాయిషీ చెప్పుకోవాలి. ఈ రెండు తప్పులూ ఒకే జనం మీద పడే చోటు పాతబస్తీ. కాబట్టి ఈ మొత్తం వ్యవహారాన్ని ఇక్కడ నిలబడి చూడాలంటాను. యంత్రం నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెబుతుందనేది అమ్మేవాళ్ల లెక్క. అది తప్పు చెప్పిన రోజున ఎదురుగా ఉన్న మనిషికి ఇంకే దారి ఉందనేది మనం అడగాల్సిన లెక్క.

వేలిముద్రను ఆధునిక పరిపాలనలోకి తెచ్చింది ఈ దేశమే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు పనుల సామాను సరఫరాకు ఒప్పందం రాయించుకుంటూ రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు చేత అరచేతి ముద్ర వేయించాడు. ఆ తర్వాత చనిపోయిన పింఛనుదారుల పేరు మీద ఇతరులు డబ్బు తీసుకోకుండా వేలిముద్రలు పెట్టించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. అక్కడ స్థిరపడిన వర్గీకరణ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచిపోయింది. దాన్ని లెక్కగట్టి పనికొచ్చేలా చేసినవాళ్లు మాత్రం ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పింఛను కచేరీకి ఒక దారి, పోలీసు రికార్డుకు ఒక దారి అన్న చీలిక అప్పటికే మొదలైంది.

వేలి కొస మీది గీతలు తల్లి కడుపులో నాలుగో నెల ప్రాంతంలో ఏర్పడతాయి. కవలలకు కూడా ఒకేలా ఉండవు. యంత్రం ఆ గీతలు ఎక్కడ తెగాయో, ఎక్కడ రెండుగా చీలాయో ఆ చుక్కలను పట్టుకుని పోలుస్తుంది. సిద్ధాంతం గట్టిదే. చిక్కంతా చర్మంతో వస్తుంది. లాడ్ బజార్ సందుల్లో లక్క గాజులు చేసేవాళ్లు బొగ్గుల కుంపటి పక్కన కూర్చుని వేడివేడి లక్కను వేళ్లతోనే సాగదీస్తారు, వంచుతారు, రాళ్లు అద్దుతారు. వెండి వరక్ కొట్టేవాళ్ల చేతిలో రోజంతా సుత్తి. కార్చోబ్ చట్రం ముందు జర్దోజీ పనివాళ్ల వేళ్లకు సూది పోట్లు. ఇళ్లలో అంట్లు తోమే ఆడవాళ్లకు సబ్బు, సోడా. అడ్డా కూలీలకు సిమెంటు. వయసు మీదపడితే ఏ పనీ చేయకపోయినా చర్మం ఎండి గీతలు పల్చబడతాయి. పెళ్లిళ్లలో ముదురుగా పండిన గోరింట కూడా కొన్ని మిషన్లను తికమక పెడుతుంది. పొద్దస్తమానం చేతులతో బతికేవాడి ముద్రే ముందుగా చెరిగిపోతుంది, రేషన్ అవసరం ఎక్కువగా ఉండేదీ అతనికే. ఇది యాదృచ్ఛికం కాదు. ఆ యంత్రాన్ని ఎవరి కోసం పెట్టారో వాళ్ల చేతులను లెక్కలోకి తీసుకోలేదు.

ఎంతమందికి ఇలా జరుగుతుంది? 2018 మార్చిలో ఆధార్ సంస్థ ముఖ్య అధికారి సుప్రీంకోర్టు ముందు వివరణ ఇస్తూ, ప్రభుత్వ పథకాల్లో ధ్రువీకరణ 88 శాతం సఫలమవుతోందని చెప్పారు. అంటే నూటికి పన్నెండు సార్లు కావడం లేదు. బ్యాంకుల్లో 95, టెలికాంలో 97 శాతం సఫలం. బ్యాంకుకూ సిమ్ము కొట్టుకూ వెళ్లే జనం వేరు, రేషన్ షాపుకు వెళ్లే జనం వేరు. ఆ తేడా ఈ అంకెల్లోనే కనబడుతోంది. విఫలమైన ప్రతిసారీ బియ్యం పోయినట్టు కాదు, మళ్లీ పెడితే పడొచ్చు, ఇంట్లో ఇంకొకరు పెట్టొచ్చు. కానీ ఒంటరి ముసలావిడకు ఆ ఇంకొకరు ఎవరు?

ఇక్కడ మన తెలుగు నేలే దేశానికి ఒక మంచి పాఠం ఇచ్చింది, దాన్ని మనమే మరిచిపోయాం. ఆధార్ రాకముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ సామాజిక పింఛన్లకూ వేలిముద్రలతో స్మార్ట్ కార్డులు పెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ కార్డులను 157 మండలాల్లో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బు తొందరగా చేతికందింది, మధ్యలో తినేసేది బాగా తగ్గింది, జనం కూడా పాత పద్ధతి కన్నా ఇదే మేలన్నారు. అదే మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రను పరిశీలిస్తే కథ తిరగబడింది. స్వాహా అయ్యేది చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆధార్ లింకు లేని కుటుంబాలకు అందే సరుకు విలువ దాదాపు పదో వంతు పడిపోయింది. వేలిముద్ర రెండుచోట్లా ఒకటే. నియమమే వేరు. ఇక్కడ ముద్ర పడకపోయినా డబ్బు ఇచ్చే వెసులుబాటు ఉంచారు. అక్కడ ముద్ర పడితేనే గింజ అన్నారు. ఈ ఒక్క తేడాను గట్టిగా పట్టుకుంటే బయోమెట్రిక్స్ మంచిదా చెడ్డదా అనే వాదన చాలావరకు తేలిపోతుంది.

హైదరాబాద్ రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ మిషన్లు 2016లో వచ్చాయి. డీలర్లు దొంగ కార్డుల మీద బియ్యం దారి మళ్లించడం అంతకుముందు ఎంత మామూలో తెలిసినవాళ్లు ఆ మిషన్లను స్వాగతించారు. అది న్యాయమే. కోవిడ్ రోజుల్లో అందరి వేళ్లూ ఒకే గాజు మీద ఎందుకన్న భయంతో 2021 మొదట్లో కంటి ఐరిస్ గానీ ఫోనుకు వచ్చే ఓటీపీ గానీ చాలన్నారు. ఉద్దేశం మంచిదే. తీరా చూస్తే ఫోను నంబరు ఆధార్‌కు కలపనివాళ్లు వేలల్లో తేలారు, ఏ గుంపును తప్పించాలనుకున్నారో ఆ గుంపు ఆధార్ సెంటర్ల ముందు బారులు తీరింది. 2023లో ఈ-కేవైసీ వచ్చింది. కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ స్వయంగా వచ్చి ముద్ర వేయాలన్నారు. ఇంటి పెద్ద జెద్దాలోనో దుబాయ్‌లోనో ఉన్న పాతబస్తీ కుటుంబాలు అప్పుడు పడ్డ ఆందోళన అంతా ఇంతా కాదు. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు ఆ ముద్రకు విలువ ఇంకా పెరిగింది. బియ్యం తినదగ్గవి అయినకొద్దీ ముద్ర పడకపోతే పోయేదీ పెద్దదవుతుంది.

వేలు అరిగినవాళ్లకు కన్ను ఆసరా. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ నార అల్లిక పసితనంలోనే స్థిరపడి జీవితాంతం దాదాపు మారదు. పనిపాటల్లో అరగదు. దాన్ని సంకేతంగా మార్చే గణితం 1990లలో కేంబ్రిడ్జిలో జాన్ డౌగ్‌మన్ చేతిలో రూపుదిద్దుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మధ్యలో రేషన్ కార్డులకు ఐరిస్ తీయడం పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, దేశంలో అంత పెద్ద ఎత్తున అదే తొలి ప్రయత్నాల్లో ఒకటి. శుక్లాలు ముదిరినవాళ్లకు, కన్ను నిలిపి చూడలేనివాళ్లకు మాత్రం ఇక్కడా తిప్పలే.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. యూఏఈ 2000ల మొదట్లోనే సరిహద్దుల్లో ఐరిస్ పెట్టింది, వెనక్కి పంపించినవాళ్లు కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ రాకుండా. కువైట్ వేలిముద్రలతో అదే పని చేసింది. పాస్‌పోర్టులో పేరు మారుతుంది, వేలు మారదు కదా అని వాళ్ల ధీమా. 2022లో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కడప వైపు నుంచి వచ్చిన రేడియాలజీ, మత్తుమందు టెక్నీషియన్లు కువైట్ నుంచి పంపేసిన కూలీల వేలి కొసలు కోసి, లోపలి కండ కొంచెం తీసి, కుట్లు వేస్తున్నారు. గాయం మానేసరికి గీతల తీరు మారి, కొన్నాళ్లపాటు మిషన్ గుర్తుపట్టదు. మనిషికి పాతిక వేలు తీసుకున్నారని తేలింది. అది నేరమే. అయినా ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ ముఠా కన్నా వేళ్లు చాపిన కూలీలే ఎక్కువ గుర్తుండిపోయారు. మళ్లీ ఎడారిలో పనికి వెళ్లడానికి ఒంటిని కోయించుకునేంత అవసరం ఏ సరిహద్దు యంత్రానికీ కనబడదు.

పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. ఈ మాట ఎంత నిజమో 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడింది. సిమ్ములు అమ్మే ఒక కుర్రాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించే భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసే పాలిమర్ మీద అచ్చు పోసి, వేల సిమ్ములు యాక్టివేట్ చేశాడు. ఇందులో హ్యాకింగ్ లేదు, ప్రభుత్వమే గోడకు అంటించిన ముద్రలవి. తర్వాత అలాంటి ముద్రలతోనే ఆధార్ ద్వారా జనం ఖాతాల్లోంచి డబ్బు తీసిన కేసులు కూడా వచ్చాయి. హైదరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికుల హాజరులోనూ ఇదే ఆట నడిచింది. పనికి రానివాళ్ల పేరున నకిలీ వేళ్లతో హాజరు వేసి జీతం కాజేసిన వ్యవహారాలు బయటపడ్డాక ముఖం చూసి హాజరు వేసే పద్ధతికి మళ్లారు. 2023 నుంచి ఆధార్ మిషన్లు ముద్ర చుక్కలతో పాటు వేలి బొమ్మను కూడా చూసి బతికున్న వేలా కాదా అని తేల్చుకుంటున్నాయి. ఆ జాగ్రత్త ముందే తీసుకోవాల్సింది.

డీఎన్‌ఏ ఇంకా దినచర్యలోకి రాలేదు. ఆ విద్యలో ఈ నగరానికి గట్టి పేరే ఉంది. సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1980ల చివర్లోనే డీఎన్‌ఏతో మనిషిని గుర్తించే స్వదేశీ పద్ధతిని నిలబెట్టారు, దాని నుంచే సీడీఎఫ్‌డీ అనే కేంద్రం పుట్టింది. పితృత్వ వివాదాల్లో, గుర్తుపట్టలేని శవాల విషయంలో అది చేసిన మేలు పెద్దది. ఏదైనా కేసులో అడిగితేనే కదులుతుంది కాబట్టి దాని మీద నాకు భయం తక్కువ.

మొదట చెప్పుకున్న రెండు ప్రశ్నలూ ఆధార్ నమోదు దగ్గరే కలిసిపోతాయి. కొత్తగా చేరే ప్రతి మనిషి పది వేళ్లనూ రెండు కళ్లనూ అప్పటికే ఉన్న కోట్లాది రికార్డులతో పోల్చి, రెండోసారి చేరడం లేదని తేల్చుకుంటారు. ఆ పోలిక చేయగలిగేది ఒకరు రెండుసార్లు చేరారా లేదా అన్నది మాత్రమే. అతను ఎవరి కొడుకు, ఎక్కడివాడు అన్నది కాగితాలే చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపింది. తప్పుడు కాగితాలతో ఆధార్ పొందారని పోలీసుల నుంచి నివేదిక వచ్చిందని కారణం. అందులో భవానీనగర్ ఆటో డ్రైవర్ ఒకరికి వచ్చిన నోటీసు, అసలు పత్రాలతో హాజరై పౌరసత్వం రుజువు చేసుకోమంది. దేశమంతా పౌరసత్వ సవరణ చట్టం మీద అట్టుడుకుతున్న రోజులవి. పాతబస్తీలో ఎంత కలవరం రేగిందో చెప్పనక్కర్లేదు. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని సంస్థ తర్వాత వివరణ ఇచ్చింది, విచారణ వాయిదా వేసింది. ఆధార్ చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. మరి ఆ మాట నోటీసు రాసిన రోజున ఎందుకు గుర్తు రాలేదు? పేరు మొహమ్మద్ అని ఒక కాగితంలో, ఎండీ అని ఇంకో కాగితంలో ఉండే పేటలో అలాంటి నోటీసు ఒకటి వస్తే నూరు ఇళ్లకు నిద్ర పట్టదు.

ఇక ముఖం. ముఖంతో పనులు తేలికవుతాయన్నది నిజం. తెలంగాణలో విశ్రాంత ఉద్యోగులు 2019 నుంచి ఫోనులో సెల్ఫీ తీసుకుని బతికున్నట్టు ధ్రువపత్రం ఇచ్చుకోగలుగుతున్నారు. మెట్లెక్కలేని పెద్దవాళ్లకు అది నిజమైన ఊరట. 2020 జనవరిలో కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను సరిపోల్చి చూశారు. తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు సాధనం దర్పణ్ అయితే 2019లో అస్సాంలోని బాలల గృహంలో ఉన్న ఒక పిల్లాణ్ని, అలహాబాద్‌లో 2015లో తప్పిపోయిన పిల్లాడితో జోడించి తల్లిదండ్రుల దగ్గరికి చేర్చింది. 2015లో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లోంచి వందల సంఖ్యలో బిహార్ పిల్లలను విడిపించిన సంగతి గుర్తున్నవాళ్లెవరూ ఆ పని విలువను కాదనలేరు.

అదే విద్య వీధిలోకి వచ్చేసరికి మరోలా మారుతుంది. 2018లో తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాన్ని గుర్తుపట్టే వ్యవస్థను చేర్చారు. అప్పటికే 2013 నాటి ప్రజా భద్రత చట్టం కింద దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు కెమెరాలు పెట్టుకున్నాయి. ‘నేను సైతం’ పేరుతో బస్తీలు చందాలేసుకుని మరీ పెట్టించుకున్నాయి. రాత్రి పూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చే ఆపరేషన్ చబుత్రా, ఇల్లిల్లూ తనిఖీ చేసే కార్డన్ సెర్చ్ పాతబస్తీకి కొత్తవి కావు. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లిన కుర్రాళ్లలో ఎందరో చివరికి నిర్దోషులుగా బయటికొచ్చారు. అనుమానం ఎటు తిరుగుతుందో ఈ జనానికి అనుభవం ఉంది.

2021 మేలో లాక్‌డౌన్ సమయంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను షహరాన్ మార్కెట్ దగ్గర పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు, ఆయన ఒప్పుకోకపోయినా ఫొటోలు తీశారు. ఆ ఫొటో ఎందుకు, ఎక్కడ దాస్తారు అని ఆయన కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపారు. జవాబు రాకపోవడంతో హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్‌తో కలిసి, కాలాపత్తర్, కిషన్‌బాగ్ బస్తీల్లో కెమెరాలను వాలంటీర్ల చేత లెక్కపెట్టించింది. రెండు బస్తీల్లోనూ సగానికి పైగా నేల కెమెరా చూపు కిందే ఉందని తేలింది.

ఇక్కడ చిన్న లెక్క. చార్మినార్ దగ్గర ఒక రోజులో యాభై వేల ముఖాలు కెమెరా ముందు నుంచి వెళ్లాయనుకుందాం. సాఫ్ట్‌వేర్ వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకుందాం, అది చాలా ఉదారమైన ఊహ. అయినా రోజుకు యాభై మంది అమాయకులు అనుమానితుల పక్కన చేరతారు. అందులో నిజంగా వెతుకుతున్నవాడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. రేషన్ షాపులో ఒక ముద్రను ఒక ముద్రతో పోల్చేటప్పుడు ఈ చిక్కు లేదు. గుంపులో వెతికేటప్పుడే వస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో పరిశీలించిన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆసియా, ఆఫ్రికా మూలాలవాళ్ల ముఖాల మీద తప్పుడు జోడీలు తెల్లవాళ్లతో పోలిస్తే పది నుంచి వంద రెట్ల దాకా ఎక్కువ వచ్చాయి. ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక ఉంటే సరిపోయినట్టే లెక్కిస్తామని సమాచార హక్కు కింద జవాబిచ్చారు. ఆ గీత ఎక్కడ గీయాలో ఢిల్లీలో పోలీసులే నిర్ణయించుకున్నారు, ఏ చట్టసభా కాదు.

చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అంది. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, చర్య ఆ అవసరానికి మించకూడదు. 2018 సెప్టెంబర్ 26 తీర్పులో ఆధార్ నిలిచింది, ప్రైవేటు సంస్థల బలవంతం పోయింది. రేషన్ మిషన్‌కు ఆ విధంగా ఒక చట్టమూ కోర్టు పరీక్షా ఉన్నాయి. వీధిలో ముఖం పోల్చడానికి ప్రత్యేక చట్టమే లేదు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో వచ్చిన 2022 చట్టం వేలూ పాదమూ దాటి ఐరిస్ దాకా వెళ్లింది, రికార్డులను 75 ఏళ్లు దాచమంది. అది అమల్లోకి వచ్చిన 2022 ఆగస్టు 4నే బంజారాహిల్స్‌లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. 2023 డేటా రక్షణ చట్టం కేంద్రం కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది.

నా అభిప్రాయం దాచను. వీధిలో జనం ముఖాలను పోల్చడం, దానికంటూ చట్టం వచ్చేదాకా, ఆపాలి. తప్పిపోయిన పిల్లల కోసమైతే కోర్టు అనుమతితో ఆ ఒక్క పనికే వాడొచ్చు. రేషన్ దగ్గర బయోమెట్రిక్ ఉండనివ్వండి, కానీ ముద్ర పడనివాళ్లకు బియ్యం ఇచ్చి పేరు రాసుకునే రిజిస్టరు ప్రతి షాపులో బల్ల మీద ఉండాలి. ధ్రువీకరణ కాకపోయినంత మాత్రాన సరుకు నిరాకరించకూడదని 2017 అక్టోబర్‌లోనే ఆధార్ సంస్థ ఆదేశం ఇచ్చింది. డీలర్లలో ఎంతమందికి అది తెలుసు, కార్డుదారుల్లో ఎంతమందికి తెలుసు? పౌర సరఫరాల శాఖ నెలనెలా ఏ షాపులో ఎన్నిసార్లు ముద్ర పడలేదో, వాళ్లలో ఎందరు బియ్యం లేకుండా వెళ్లారో బయట పెట్టాలి. ఆ లెక్క సర్వర్లో ఎలాగూ ఉంటుంది.

ఈ మార్పులు వచ్చేలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. ముద్ర పడకపోతే ఐరిస్ అడగండి. పిల్లలకు అయిదేళ్లకూ పదిహేనేళ్లకూ బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి, లేకపోతే పెద్దయ్యాక వాళ్ల ముద్రే వాళ్లది కాదంటుంది మిషన్. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసి, అవసరమైనప్పుడే తీయండి. తెలియకపోతే 1947కు ఫోన్ చేయండి. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఈ లాక్ పని ముందుగా నానమ్మ, అమ్మమ్మల ఆధార్‌కు చేసిపెట్టాలి.